చన్నీళ్ళకి తగ్గే దెయ్యం

నా గుండెలోకి చచ్చిపోయిన నా మొగుడొచ్చి కూర్చున్నాడని మా ఊరు ఊరంతా నమ్మింది. నేనొక్కదాన్నే నమ్మలేదు. నాకు చదువు లేదు, సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. మధ్యమధ్యలో పెన్ను ఆపి, "పెద్దమ్మా, ఈ మాట వద్దులే, బాగోదు" అంటోంది. రాయవే అన్నాను. నాకు జరిగింది బాగుందేంటి, రాసేది బాగుండటానికి?

మాది గోదావరి గట్టు పక్క ఊరు. పూతరేకులు చేసుకుని బతుకుతాం. మా అత్త చేసేది, ఆవిడ అత్తా చేసేదంట. అడుగు పైకొచ్చేలా కుండని బోర్లించి, లోపల ఎండు కొబ్బరాకులు మండిస్తాం. రుబ్బిన బియ్యం నీళ్ళలో పల్చటి గుడ్డ ముంచి, కాలుతున్న కుండ మీద ఒక్క విసురున పరిచి లాగెయ్యాలి. ఉల్లిపొర లాంటి రేకు కుండకి అంటుకుని ఉంటుంది. దాన్ని చిరక్కుండా లేపాలి. చూసేవాళ్ళకి ఆటలా ఉంటుంది. చెయ్యి ఇసుమంత వణికితే రేకు పోయినట్టే. నాకు ఆ పని పెళ్ళయి వచ్చాకే మా అత్త నేర్పింది. మణికట్టు మీద పుల్లతో కొట్టి మరీ నేర్పింది. రెండేళ్ళకి ఆవిడ కంటే నా రేకే పల్చగా వచ్చేది. ఆ మాట ఆవిడే నలుగురిలో చెప్పుకునేది.

మా ఆయన భీమవరం అవతల రొయ్యల చెరువుల మీద పనికెళ్ళేవాడు. చెరువులో గాలి కొట్టే మోటారు ఆగిపోతే చూడ్డానికి దిగి, షాక్ కొట్టి అక్కడికక్కడే పోయాడు. మోటారుకి ఎర్తు లేదంట. ఎర్తు వెయ్యమని మా ఆయనే అంతకు ముందు అడిగాడంట. రొయ్యల పట్టుబడి అయిపోనీ చూద్దాం అన్నాడంట ఆ చెరువు ఆసామి. రొయ్యలు పట్టుకున్నాడు, అమ్ముకున్నాడు. మాకు మనిషి ట్రాక్టర్లో వచ్చాడు.

ఏడాది తిరగలేదు. ఓ పొద్దున కుండ ముందు కూర్చుని గుడ్డ ముంచాను. గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది, లోపల ఎవరో స్విచ్చి నొక్కినట్టయింది. గుండె పరుగు మొదలెట్టింది. మెల్లగా పెరిగి పెరిగి కాదు, ఒక్కసారే. గాలి తాగిన బోరు మోటారు ఎలా కొట్టుకుంటుందో అలా. మెడ దగ్గర నరాలు కప్ప గొంతులాగా ఎగిరెగిరి పడుతున్నాయి. వేసిన రేకు చిరిగింది. ఇంకోటి వేశాను, అదీ చిరిగింది. కళ్ళు బైర్లు కమ్మి, కదిలితే పడిపోతానేమోనని బిగుసుకుని కూర్చున్నాను.

మా అత్త చూసింది. నేను శిలలా కూర్చుని ఉన్నాను, నా రొమ్ము మీద పైట మాత్రం టపటపా కొట్టుకుంటోంది. ఆవిడ చేతిలోని కొబ్బరాకు కింద పడేసి నా ముందుకొచ్చి గొంతుక్కూర్చుంది. నా ముఖంలోకి చూడలేదు. పైట వంకే చూస్తూ అంది.

"వచ్చావా, నాయనా."

అంతే. అక్కణ్ణించి నేను మనిషిని కాకుండా పోయాను. ఇరుగూ పొరుగూ పోగయ్యారు. మా అత్త అడుగుతోంది, ఆకలేస్తోందా, నీళ్ళలో చలేస్తోందా, ఎందుకు దిగావురా చెరువులోకి అని. నేను నోరు తెరిచి "అత్తయ్యా, నాకు ఆయాసంగా ఉంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి" అంటే, చూశారా గొంతు మారిందన్నారు. ఆయాసంతో మాట్లాడితే ఎవరి గొంతు మారదు?

ఒంటి మీదకి ఎవరన్నా వస్తే మా వైపు బిందెడు చన్నీళ్ళలో పసుపు కలిపి, వేపరొట్ట వేసి, ముఖం మీద ఫెడీమని కొడతారు. మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, బిందె తెప్పించి నా ముఖాన కొట్టించారు. ఊపిరాడలేదు. ఆ ఉక్కిరిబిక్కిరిలో గుండె ఠక్కున ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మామూలుగా కొట్టుకోవడం మొదలెట్టింది. పైట కదలడం మానేసింది.

"నీళ్ళు పడగానే వెళ్ళిపోయాడు" అన్నారు బావగారు. ఇంకేం సాక్ష్యం కావాలి వాళ్ళకి?

తర్వాత నెలకోసారో, పదిహేను రోజులకోసారో అదే తంతు. స్విచ్చి నొక్కినట్టు రావడం, పైట ఎగరడం, మా అత్త కొడుకుతో మాట్లాడటం, బిందె, నీళ్ళు, ఠక్కున ఆగడం. ఒక్కసారన్నా నీళ్ళకి తగ్గకుండా ఉంటే బాగుండేదని నా గుండెని నేనే తిట్టుకునేదాన్ని. ఆగాక ఒంటేలు మాత్రం ధారలు ధారలుగా వచ్చేది, దొడ్లోకి తిరగలేక చచ్చేదాన్ని. ఇది రాయనంటోంది మా పిల్ల. రాయి. ఆ ముక్క తర్వాత పనికొచ్చింది.

డాక్టర్లకి చూపించలేదా అంటారేమో. చూపించారు, ఆ ముచ్చటా తీరింది. మా ఊళ్ళో మోపెడ్ మీద తిరిగే ఆర్ఎంపీ గ్యాసన్నాడు. టౌనుకి తీసుకెళ్ళమని నేను పోట్లాడాను. ఇక్కడ మావాళ్ళ తీరు చెప్పాలి. ఆసుపత్రికి వెళ్ళాలంటే పెళ్ళికి వెళ్ళినంత హడావుడి. తల తుడుచుకుని, జడ వేసుకుని, ఉతికిన చీర కట్టుకుని, కాసిని కాఫీ నీళ్ళు తాగి, వర్జ్యం చూసుకుని బస్సెక్కుతాం. మురికి బట్టలతో వెళ్తే డాక్టరుగారు ఏమనుకుంటారో అని. అప్పటికి నా గుండె గుళ్ళో గంటలా బుద్ధిగా కొట్టుకుంటూ ఉండేది. అక్కడ బల్ల మీద పడుకోబెట్టి, రొమ్ము చుట్టూ రబ్బరు బుడ్డీలు అంటించి, కాళ్ళకీ చేతులకీ క్లిప్పులు పెట్టి ఈసీజీ తీసేవాళ్ళు. మిషన్లోంచి గళ్ళ కాగితం వచ్చేది. డాక్టరు దాన్ని అటూ ఇటూ లాగి చూసి, బ్రహ్మాండంగా ఉందమ్మా అనేవాడు.

ఒకాయనైతే నన్నేం అడగలేదు. మీ ఆయనేం చేస్తాడంటే, పోయాడని బావగారు చెప్పారు. అదొక్కటి తెలిస్తే చాలు ఆయనకి. నా వంక చూడటం మానేసి బావగారితో చెప్పాడు.

"మనోవ్యాధండి. మగతోడు లేనివాళ్ళకి మామూలే."

బల్ల మీద నేనింకా రవిక హుక్కులు పెట్టుకుంటూనే ఉన్నాను. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. నిద్ర బిళ్ళలు రాసిచ్చాడు. అవి వేసుకుని కుండ ముందు తూగి, ముంజేయి కాల్చుకున్నాను. మచ్చ ఇదిగో. చదువుకున్నోళ్ళు మనసన్నారు, చదువులేనోళ్ళు మొగుడన్నారు. గుండె నాది, కొట్టుకునేది అది, దాన్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆ రోజుల్లోనే మా బావగారికి గుండెల్లో నొప్పిగా ఉందంటే కారు మాట్లాడుకుని రాజమండ్రి పట్టుకెళ్ళారు. పెసరట్లు ఎక్కువై గ్యాసు పట్టిందంట. ఆయన మీదకి ఎవరొచ్చారని ఎవరూ అడగలేదు. బిందె ఎవరూ ఎత్తలేదు.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. అసలు దెబ్బ తర్వాత పడింది. మా దగ్గర రేకులు తీసుకెళ్ళే కొట్టాయన చెవిన పడింది ఈ సంగతి. అవి పెళ్ళిళ్ళకీ, పేరంటాలకీ, దేవుడి నైవేద్యాలకీ వెళ్ళే సరుకంట. చచ్చినోడు వచ్చి కూర్చునే ఆడదాని చేతి రేకులు నాకొద్దండి అని బావగారితో మర్యాదగా చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రమే బావగారు అరుగు మీద కూర్చుని, "అమ్మాయ్, రేపట్నించి నువ్వు కుండ ముందు కూర్చోవద్దు. లోపల బియ్యం ఏరుకుంటూ ఉండు. నీకు కూడు మేం పెడతాంలే" అన్నారు.

కూడు పెడతారంట. కుండ ముందు కూర్చున్నంతసేపే నేను ఆ ఇంట్లో మనిషిని. నా చెయ్యి ఆడుతున్నంతవరకే నన్ను పిలిచి అన్నం పెడతారు. లోపలికెళ్ళి బియ్యం ఏరడం మొదలెడితే, ఆ తర్వాత బియ్యం కూడా ముట్టుకోవద్దంటారు. ఏ మూలన పడేస్తారో, ఏ భూతవైద్యుడికి అప్పజెప్తారో. అప్పటికే యానాం దగ్గర ఎవరో ఉన్నాడు, కొరడాతో కొట్టి వదిలిస్తాడు అని అనుకుంటున్నారు. నా కుండ నేను వదలనన్నాను. వదలనంటే సరా? మర్నాడు నేను లేచేసరికి మా అత్త కూర్చుని ఉంది నా కుండ ముందు.

పక్కింటి వదిన మాతో పాటు కూర్చుని రేకుల్లో నెయ్యీ బెల్లం వేసి చుట్టేది. నోరు పెద్దది. "వచ్చేవాడు ఊరికే రావడం దేనికి, నాలుగు కొబ్బరాకులన్నా నరికి పెట్టమను" అని మా అత్త ఎదురుగానే అనేది. ఆవిడొక్కతే నేను చెప్పింది విన్నది. రాజమండ్రిలో గుండెకే ప్రత్యేకం ఓ డాక్టరున్నాడంట, రా పోదాం అంది. ఇంట్లో చెప్పకుండా ఇద్దరం బ్యారేజీ మీద బస్సులో వెళ్ళాం.

ఆయనా మొదట ఈసీజీయే తీయించాడు. బ్రహ్మాండంగా ఉంది. నాకు ఒళ్ళు మండి బల్ల దిగిపోతుంటే కూర్చోమన్నాడు. ప్రశ్నలు వేశాడు. మెల్లగా వస్తుందా, ఒక్కసారే వస్తుందా? ఒక్కసారే. పోవడం? అదీ ఒక్కసారే. మెడ దగ్గర కొట్టుకుంటుందా? కొట్టుకుంటుంది. తగ్గాక మూత్రం బాగా వస్తుందా అన్నాడు. నేను వదిన ముఖం చూశాను. ఇన్నాళ్ళకి ఒక్కడడిగాడు. దేనికి తగ్గుతుందమ్మా అంటే, సిగ్గు విడిచి బిందె సంగతి కూడా చెప్పాను.

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. చన్నీళ్ళు ముఖాన కొడితే, ఊపిరి బిగపడితే, ఇలాంటి దడ కొందరికి ఆగిపోద్దంట. అది వైద్యంలోనే ఉందంట. "మీవాళ్ళు దెయ్యానికని చేసేది గుండెకి పనిచేస్తోంది. కానీ ఆగిపోయాక నా దగ్గరికొస్తే నాకేం కనపడుతుంది? దొంగ వెళ్ళిపోయాక ఇల్లు వెతికినట్టే. వచ్చినప్పుడే ఈసీజీ తీయించుకోవాలి. ఇంత దూరం రావద్దు, మిషనున్న దగ్గరి ఆసుపత్రికి వెళ్ళు. నీళ్ళు పోయనివ్వకు. అక్కడ కాగితం తీశాకే ఏదైనా" అన్నాడు. ఏ ఆసుపత్రి అని అడిగి, రావులపాలెంలో తెలిసిన డాక్టరుకి ఫోన్ చేసి నా సంగతి చెప్పాడు కూడా.

ఇక నేను నా గుండె దడ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. చెడిపోయిన బతుకు, జబ్బు రావాలని కోరుకోవాల్సొచ్చింది. అది మాత్రం నేను పిలిచినప్పుడు వస్తుందా? దసరాలు వెళ్ళాక ఓ రోజు మా అత్తకి జ్వరం. సరుకు ఇవ్వాల్సి ఉండి, కొట్టాయనకీ, పక్క పేటవాళ్ళకీ తెలియనివ్వకుండా నన్నే కూర్చోమన్నారు కుండ ముందు. అవసరం పడితే చచ్చినోడు అడ్డం రాడు చూడండి. ఎండ ఎక్కుతుండగా వచ్చింది. చేతిలో గుడ్డ పడేసి "వదినా, ఆటో" అని అరిచాను.

మా అత్త జ్వరంతోనే లేచొచ్చింది. నా పైట చూసింది. ముఖం వెలిగిపోయింది ఆ ముసల్దానికి. "వచ్చాడు, వచ్చాడు" అంటూ నా ముందు కూలబడింది. ఎవరో బిందె తెచ్చారు. నేను లేచి ఆ బిందెని కాలితో తన్నాను. పసుపు నీళ్ళు పొయ్యిలోకి పోయి మంట ఆరిపోయింది. కొడుకుని తన్నినట్టు గుండెలు బాదుకుంది మా అత్త. బావగారు చెయ్యి పట్టుకోబోతే, ముట్టుకోవద్దు అన్నాను. మొదటిసారి ఆయన్ని గారు లేకుండా తిట్టాను. ఏం తిట్టానో మా పిల్ల ఎలాగూ రాయదు.

ఆటోలో గట్టు మీద ప్రతి గుంతకీ భయమే, ఎక్కడ ఆగిపోతుందో అని. వదిన నా చెయ్యి పట్టుకుని "ఉండమ్మా తల్లీ, కాసేపుండు" అని నా గుండెని బతిమాలుతోంది. ఆసుపత్రిలో నర్సు నన్ను చూసింది. మోచేతుల దాకా పిండి, చీరకి మసి, చెమట. వెళ్ళి చేతులూ ముఖం కడుక్కుని రామ్మా అంది కుళాయి చూపించి. ముఖం కడుక్కోనన్నాను. చీటీ రాయించుకుని వరసలో కూర్చోమంది. కూర్చోనన్నాను. నడిచి లోపలికి వెళ్ళి బల్ల మీద పడుకుని, నా రవిక నేనే విప్పేశాను. మిషన్ ఆడించే మగమనిషి తల తిప్పుకున్నాడు. "ముందు కాగితం తియ్యి. సిగ్గు తర్వాత పడదాం" అన్నాను.

తీశాడు. కాగితం బయటికొస్తుంటే గబగబా చింపి చేతిలోకి తీసుకున్నాడు. పరిగెత్తుకెళ్ళి డాక్టర్ని తీసుకొచ్చాడు. ఆయన చూసి, దొరికిందమ్మా అన్నాడు. గీతలు మామూలుగా దూరం దూరంగా కొండలూ లోయల్లా ఉంటాయి కదా. ఇవి దువ్వెన పళ్ళలా దగ్గర దగ్గరగా, కాగితం నిండా. నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు. ఏడాది పైన ఇంతమంది చేత అనిపించుకున్నదంతా కడుపులోంచి తన్నుకొచ్చింది.

మెడ నరం నొక్కి చూశాడు, ఆగలేదు. ఎదురు రోడ్డులో మందుల షాపుకి పరిగెత్తి వదిన ఇంజక్షన్ తెచ్చింది. డాక్టరు ముందే చెప్పాడు, ఇది ఎక్కించగానే ఒక్క క్షణం ప్రాణం పోయినట్టుంటుంది, పోదు, భయపడకు అని. నిజంగానే అలా అయింది. రొమ్ములో ఎవరో ఇటుక పెట్టినట్టు, కిందికి జారిపోతున్నట్టు. మిషన్లో గీత తిన్నగా సాగింది. తర్వాత ఒక కొండ. ఆగి ఇంకో కొండ. నా గుండె నా మాట వింది.

పుట్టినప్పట్నించీ నా గుండెలో ఒక దారి ఎక్కువ ఉందంట. గుండెని కొట్టించే కరెంటు ఆ అడ్డదారిలో పడి గిర్రున తిరుగుతుందంట. బిళ్ళలతో అణచొచ్చు, హైదరాబాదు వెళ్తే తొడ నరంలోంచి తీగ పంపించి ఆ దారిని కాల్చేస్తారు, మళ్ళీ రాదు అన్నాడు.

కాగితం పట్టుకుని ఇంటికొచ్చాను. బావగారు అరుగు మీద కళ్ళజోడు పెట్టుకుని చూశారు. తలకిందులుగా పట్టుకుని చూశారు. తలాడించి, "ఊఁ, ఇది గుండె జబ్బే" అన్నారు. కొట్టాయన చూశాడు, పక్క పేటవాళ్ళు చూశారు. ఒక్కరికీ ఒక్క గీత అర్థం కాదు. అందరూ నమ్మారు. నోరున్న మనిషిని, నాకు దడొస్తోందిరా అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తే నమ్మలేదు. దాన్ని కుండ పక్క గోడకి అంటించాను, వచ్చినోడల్లా చూడాలని. పొయ్యి సెగకి కొన్నాళ్ళకే నల్లబడిపోయింది. అప్పటికి దాంతో పనీ లేదు. కొట్టాయన మళ్ళీ నా రేకులే కావాలంటున్నాడు.

మా అత్త మాత్రం నమ్మలేదు. కరెంటు మాట విని, "అదే నేననేది. వాడు కరెంటుతోనే పోయాడు, కరెంటుతోనే వస్తున్నాడు" అంది. ఏం చెప్తాం? హైదరాబాదు ప్రయాణం కట్టిన పొద్దున గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"కాల్పించుకోవద్దే. ఒక్కసారి రానీ. ఈసారి ఏం అడగను, చూసుకుంటానంతే."

ఆవిడ ఏడుస్తుంటే నాకు జాలేసి ఉండాలి. వెయ్యలేదు. కోపమే వచ్చింది. "నా గుండె మీ అబ్బాయికి అద్దెకిచ్చిన గదేం కాదు అత్తయ్యా" అన్నాను. "రావాలంటే, మోటారుకి ఎర్తు వెయ్యనోడి గుండెలోకి రమ్మనండి. వాడి ముఖాన కొట్టండి బిందెలు. నేనూ వచ్చి మోస్తాను."

ఆవిడ గుమ్మంలోంచి జరిగింది.

వెళ్ళాను, కాల్పించుకున్నాను. మళ్ళీ రాలేదు. నా కుండ ముందు నేను కూర్చున్నాను. మా అత్త పక్కనే కొబ్బరాకులు ఎగదోస్తూ ఉండేది. ఆకు పెట్టి, నా పైట వంక చూసేది. ఆకు పెట్టేది, చూసేది. కొన్ని నెలలు ఓర్చుకుని ఓ రోజు అడిగేశాను, ఏం చూస్తున్నారని.

"ఏం లేదు. కుండ మాడుతోంది, గుడ్డ వెయ్" అంది.